మేనత్తకి పెట్టాల్సిన చీర

ఏలూరు,
23-2-2025, ఆదివారం.

చిరంజీవి హర్షిణికి,

పాండురంగారావు తాత మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నా బడ్డీకొట్టూ, బడ్డీ కింద పడుకునే కుక్కా కులాసా. నా ఎడమ మోకాలు ఒక్కటే మాట వినడం లేదు. దాని సంగతి మొదలెడితే అది ఇంకో ఉత్తరమవుతుంది, వదిలేద్దాం. విశాఖపట్నంలో నువ్వూ, నీ చదువూ, మీ హాస్టల్ సాంబారుని తట్టుకుంటున్న నీ పొట్టా క్షేమమని తలుస్తాను.

నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం ఎగ్గొడదామనే అనుకున్నాను. కాగితాలు కొన్నాను, పెన్ను కొన్నాను. పెన్నుకి మూత పోయింది. ఆ వంకన ఓ రోజు గడిచింది. మూత కుక్క దగ్గర దొరికింది. అది నమిలేసిందన్న వంకన ఇంకో రోజు గడిచింది. నువ్వు ఫోన్లో పంపిన ప్రశ్న చూస్తే చిన్నదే. జైలుకి చూడ్డానికొచ్చే మేనత్తలంతా ఒక్కరేనా తాతగారూ, ఆవిడ ఈ ఖైదీలందరికీ నిజంగా మేనత్తేనా, ఉన్నదున్నట్టు చెప్పండి, నా పరిశోధనలో ఈ అధ్యాయం ముగించి ఒక ప్రతి అక్కడి జైలు అధికారులకి కూడా ఇవ్వాలి అన్నావు.

ఆ చివరి ముక్క దగ్గరే నాకు చెయ్యి ఆగింది. అందరూ ఒక్కరేనమ్మా, మేనత్త కాదమ్మా అని రాసి పడేస్తే నీకు సరిపోను. కానీ ఆ మాట జైలు ఆఫీసు బల్ల మీదికి చేరిన రోజున ఆ మేనత్త, మన హన్నమ్మగారికి గేటు మూసుకుంటుందని నా భయం. పోనీ అబద్ధమాడదామా అంటే, మండుటెండలో గొడుగేసుకుని నా బల్ల మీద కూర్చుని నేను వాగిందంతా ఓపిగ్గా విన్న పిల్లవి. నీచేత అబద్ధం రాయించడానికి మనసొప్పలేదు. ఈ రెంటికన్నా బద్ధకమే మేలని మంచమెక్కాను. ఇప్పుడు లేచి రాస్తున్నానంటే మధ్యలో ఏదో జరిగిందనే కదా. అక్కడికొస్తాను, కాస్త నన్ను తిరగనివ్వు.

నేను చదివింది అయిదో తరగతి. మిగతా చదువంతా తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్‌లో, కాటా పక్కన కూర్చుని. పొట్లాలకని తెచ్చిన పాత పేపర్లూ పుస్తకాల చింపులూ చదివేవాణ్ణి. మొదలున్న కథకి చివరుండేది కాదు, చివరున్న కథకి మొదలుండేది కాదు. నా మాట తిన్నగా నడవకపోవడానికి అదే కారణమని మా ఆవిడ వీరరాఘవమ్మ, బతికున్నన్నాళ్ళూ, నన్నొదిలేసి ఉల్లిపాయల్ని తిట్టేది. ఆవిడ పోయాక ఆ ఊళ్ళో ఉండబుద్ధి కాక ఏలూరొచ్చి, జైలుకి ఎదురుగా ఈ బడ్డీ పెట్టాను. ములాఖత్‌కి వచ్చేవాళ్ళు ఫోన్లూ సంచులూ లోపలికి తీసుకెళ్ళకూడదు కదా, అవి నా దగ్గర పెట్టి బిళ్ళ పుచ్చుకుంటారు. మనిషిని చూడబోయే ముందు ఒక మొహం, చూసొచ్చాక ఇంకో మొహం. ఈ రెండు మొహాలకీ మధ్య నిమ్మసోడా అమ్ముకోవడం నా వ్యాపారం.

అందుకే కిందటి వేసవిలో నువ్వొచ్చి, జైల్లో ఉన్నవాళ్ళని ఎవరు చూడ్డానికొస్తే వాళ్ళు మళ్ళీ నేరం చేసి లోపలికి రాకుండా ఉంటారండీ అని అడిగితే, పెద్ద శాస్త్రిలా మీసం దువ్వాను. తల్లి వస్తే ఎలాంటివాడైనా కరుగుతాడని చెప్పాను, గుర్తుందా? నీ లెక్కలు నా మీసం దించేశాయి. సంసారం ఉన్నవాడికి పెళ్ళాం పిల్లలు వస్తే మేలే కానీ, కుర్రాళ్ళ విషయంలో తల్లి వచ్చినా రాకపోయినా పెద్ద తేడా లేదండీ, స్నేహితులొస్తే మాత్రం చెరుపే అని తేల్చావు. ఆ రోజంతా నాకు కోపం. మర్నాడు ఫణికిరణ్‌ని తలుచుకుంటే కోపం పోయింది.

ఫణికిరణ్‌ది పెంటపాడు. చక్కగా వరి పండించుకునే ఇల్లు. వాడికి మోటారు సైకిళ్ళంటే పిచ్చి, అందులోనూ ఇతరుల మోటారు సైకిళ్ళంటే. తాళం లేకుండా బండి స్టార్ట్ చేయడం వాడికి మనం చొక్కా గుండీ పెట్టుకున్నంత సులువు. పట్టుబడేవాడు, వెళ్ళేవాడు, తిరిగొచ్చేవాడు. అలా తిరిగి తిరిగి వచ్చేవాళ్ళకి గేటు దగ్గర జవాన్లు కొల్లేటి పక్షులని పేరు పెట్టారు. చలికాలం వచ్చేసరికి ఎక్కడున్నా ఎగిరొచ్చి అదే చెట్టు మీద వాలతాయి చూడు, అలాగన్నమాట. ఒకసారి బయటికొచ్చినప్పుడు నా దగ్గర సోడా తాగుతూ వాడే చెప్పాడు. అమ్మ వచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని ఉన్న కాసేపూ ఏడ్చి వెళ్తే నేనెంత వెధవనో తెలుస్తుంది తాతా, అనిల్ కుమార్ వస్తే నేనెంత మొనగాణ్ణో తెలుస్తుంది, నువ్వైతే ఎవరికోసం ఎదురు చూస్తావు చెప్పు అన్నాడు. అనిల్ కుమారంటే వాడి జతగాడు. బిస్కెట్ పొట్లంతోపాటు, తర్వాత ఏ వీధిలో ఏ బండి ఉందో ఆ కబురూ తెచ్చేవాడు.

ఇక హన్నమ్మగారు. ఆవిణ్ణి నువ్వు చూశావు కానీ, ఆవిడేనని నీకు తెలీదు. నీ పక్కనే కూర్చుని, ఈ పిల్ల ఇంత సన్నగా ఉందేమిటండీ, తింటోందా లేదా అని నన్నడిగిన పెద్దావిడ. మిషన్ బళ్ళో ఆడపిల్లల హాస్టల్‌కి మేట్రన్‌గా చేసి రిటైరైంది. భర్త లేడు, పిల్లలు లేరు. రెండంటే రెండే నేత చీరలు, ఒకటి గోధుమ రంగు, ఒకటి నీలం పూలది. ఎండైనా వానైనా నల్ల గొడుగు.

ఆవిడ అన్నగారు కృపానందంగారని ఒకాయన ఉండేవాడు. ఆయన కొడుకు బెంజమిన్ పెదవేగిలో పామాయిల్ తోటల్లో ట్రాక్టర్ తోలేవాడు. గెలల లోడు దగ్గర మాటా మాటా పెరిగి ఎవరి తలో పగలగొట్టి లోపలికెళ్ళాడు. ఈవిడ చూడ్డానికి వెళ్ళింది. జాలీకి ఇటు మేనత్త, అటు మేనల్లుడు, మధ్యలో మాట లేదు. వాక్యం ఏదైనా చెబుదామనుకుంటే ఒక్కటీ గుర్తు రాలేదట. హఠాత్తుగా పాత ఉక్రోషం ఒకటి తన్నుకొచ్చిందట. ఒరేయ్, నీ పెళ్ళికి మేనత్తకి చీర పెట్టకుండా తప్పించుకున్నావు, నేను మరిచిపోయాననుకున్నావా, బయటికొచ్చాక మొదటి జీతంతో పెట్టకపోయావో ఊరుకోను అందిట. బెంజమిన్ తెల్లబోయి, ఆనక పగలబడి నవ్వాడు. అత్తా, నేను జైల్లో ఉన్నానే, ఇక్కడికొచ్చి చీర అడుగుతావా అన్నాడు. జైల్లో ఉంటే నా చీర ఎగిరిపోతుందా అంది ఈవిడ.

తర్వాతి ములాఖత్‌కి వెళ్ళేసరికి వాడే ఒక కబురు పట్టుకొచ్చాడు. అత్తా, మా బ్యారక్‌లో ఒకడికి ఎవరూ లేరు, నా చీర సంగతి విని నాకూ ఓ మేనత్తని ఇప్పించరా అని ప్రాణం తీస్తున్నాడు అని. అదీ మొదలు. ఒకడికి మేనత్తయ్యాక రెండోవాడికి కాననడం ఎలా? బ్యారక్ నుంచి బ్యారక్‌కి మేనత్తరికం పాకింది.

నన్నడిగితే హర్షిణీ, కిటుకంతా ఆ చీరలోనే ఉంది. జైల్లో ఉన్నవాడికి అందరూ ఏదో ఒకటి పట్టుకెళ్తారు, అరటిపళ్ళో, సబ్బుబిళ్ళో, కన్నీళ్ళో. ఈవిడొక్కత్తే వాణ్ణి అడుగుతుంది. దొంగవని పేరుపడ్డవాణ్ణి ఎవరమ్మా ఏదైనా అడిగేది? అడిగారంటే వీడు పెట్టగలడని నమ్మినట్టే కదా! తల్లికి ఆ నోరు రాదు. పెళ్ళాం అడిగితే అది దెప్పు కిందికొస్తుంది. మేనత్తకైతే అది జన్మహక్కు, పైగా నవ్వుతూ తిడుతూ అడగొచ్చు. ఆవిడ షరతు ఒకటే. బస్తాలు మోసి కొను, కోతకెళ్ళి కొను, చెరువు గట్టు మీద కాపలా కాసి కొను, కష్టార్జితమై ఉండాలి, దొంగ చీర నా ఒంటికి పడదు అంటుంది.

చీరలు వచ్చేవి. ఏం చీరలనుకున్నావు! మగపిల్లలు కొనే చీరలు ఎలా ఉంటాయో నీకు చెప్పక్కర్లేదు. కుంకుమరంగు మీద నెమళ్ళు, పసుపు మీద రైలుబండంత పూలు. నా బడ్డీ దగ్గరికి తెచ్చి, సిగ్గుపడుతూ, తాతా, అత్తకిచ్చెయ్ అని పారిపోయేవాళ్ళు. ఆవిడ ప్రతి చీరా విప్పి చూసి, అబ్బో వీడి రుచి తగలెయ్య అని మురిసిపోయి, మడిచి సంచిలో పెట్టుకునేది. ఏనాడూ ఒక్కటీ కట్టగా నేను చూడలేదు. మెయిన్ బజార్లో చీరల కొట్టు పెడతారా ఏమిటండీ హన్నమ్మగారూ అని ఏడిపించేవాణ్ణి. పెడితే మీకు మాత్రం అరువివ్వను పాండురంగారావుగారూ అనేది.

కార్తీకంలో నువ్వు ఫోన్ చేసి చెప్పిన మాట ఉంది చూడు, దానితో ఈ సంబరం మీద చల్లటి నీళ్ళు పడ్డాయి. మగవాళ్ళలో మేనత్త చూడ్డానికొచ్చినవాళ్ళు తిరిగి రావడం బాగా తక్కువండీ, హిందువులైనా క్రైస్తవులైనా, కుర్రాళ్ళైనా నలభై దాటినవాళ్ళైనా అదే తీరు, ఆడవాళ్ళలో మాత్రం తిరగబడింది, మేనత్త వచ్చినవాళ్ళే ఎక్కువగా తిరిగొస్తున్నారు, ఎందుకండీ అన్నావు. నీ లెక్కలో తప్పుందేమో చూసుకో తల్లీ అని విసుక్కున్నాను. ఆ విసుగు నీకు వినిపించే ఉంటుంది. తప్పు నీ లెక్కలో లేదు. మేమెవరమూ ఆ వైపు చూడనేలేదు, అంతే.

ఉండబట్టలేక హన్నమ్మగారికి చెప్పాను. సోడా సగంలో పెట్టేసింది. గొడుగు తెరిచింది, మూసింది. ఆ వారం లోపలికెళ్ళి ప్రభావతిని అడిగింది.

ప్రభావతిది కొల్లేటికోట దగ్గర ఒక లంక. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. ఇద్దరు పిల్లలు, మొగుడు ఉన్నా లేనట్టే. ఎండుచేపలతో గడవక సారా కాచి ఒకసారి పట్టుబడింది. లోపలున్నన్నాళ్ళూ పుట్టింటివాళ్ళు రాలేదు, అత్తింటివాళ్ళు రాలేదు. మగవాడు జైలుకెళ్తే ఇల్లంతా కట్టకట్టుకుని వస్తుంది, ఆడది వెళ్తే ఆ ఇంట్లో అలాంటి మనిషే పుట్టనట్టు తలుపేసుకుంటారు. ఇది నేను చెప్పడం కాదు, నా దగ్గర సంచులు పెట్టేవాళ్ళే సాక్ష్యం. అలాంటిదానికి మేనత్తగా వెళ్ళి హన్నమ్మగారు అలవాటు ప్రకారం చీర అడిగింది. ప్రభావతి కళ్ళనీళ్ళతో మాటిచ్చింది. విడుదలైంది, నాలుగు నెలలు తిరక్కుండా మళ్ళీ సారా కేసులోనే వచ్చింది.

మళ్ళీ ఎందుకొచ్చావే అని ఈవిడ నిలదీస్తే ప్రభావతి ఏమందో తెలుసా? మీ చీర కోసమే కదా అత్తా అంది. ఎండుచేపల మీద వచ్చింది పిల్లల నోటికే చాలట్లేదు, మీకేమో మాటిచ్చాను, పెట్టకపోతే మేనత్త ముందు తలెత్తుకునేదెలా, అందుకని ఒకే ఒక్క బట్టీ పెట్టాను, చీర కూడా కొన్నాను, సారా డబ్బాలు ఆ చీరలోనే చుట్టి దాచాను, పోలీసులొచ్చి సాక్ష్యం కింద దాన్నీ పట్టుకెళ్ళారు, కోర్టులో ఇచ్చేస్తే మీకే పెడతాను అంది.

హన్నమ్మగారు బయటికొచ్చి నా బల్ల మీద కూలబడి ఇదంతా చెప్పి ముందు నవ్వింది. ఆపుకోలేక నవ్వింది, నేనూ నవ్వాను, కుక్క లేచి మా వంక చూసి పక్కకెళ్ళి పడుకుంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని అప్పుడంది. మగపిల్లల్ని ఎవరూ ఏదీ అడగరు కాబట్టి అడిగితే నిటారుగా నిలబడ్డారండీ, ఆడపిల్లని పుట్టినప్పట్నుంచీ అందరూ అడిగేవాళ్ళే, నేనూ పోయి ఆ వరసలో నిలబడ్డాను అంది. ఇంటికెళ్ళి ఆలోచించుకుని మర్నాడొచ్చి, దీనికి కావలసింది మేనత్త కాదండీ, పుట్టిల్లు అని తేల్చేసింది. ఆనాటి నుంచి ఆడవాళ్ళెవర్నీ చీర అడగడం లేదు. విడుదలైన రోజున నేరుగా మా ఇంటికే రా, మూడు రోజులుండి, తలంటు పోసుకుని, కడుపు నిండా తిని, అప్పుడు మీ ఊరెళ్ళు అని చెబుతోంది. చూశావా, నీ ఫోన్‌తో ఎంత పనైందో! నువ్వేమో లెక్క కుదరడం లేదని దిగులుపడ్డావు.

ఫణికిరణ్ విడుదల సంగతి కూడా చెప్పాలి. ఈసారి లోపలున్నప్పుడు వాడికీ హన్నమ్మగారు మేనత్తయింది. డిసెంబర్లో ఒక పొద్దున. గేటుకి ఆ పక్క అనిల్ కుమార్ కొత్త బండి మీద కూర్చుని హారన్ కొడుతున్నాడు. ఆ కొత్త బండి ఎవరిదని నేనడగలేదు. ఈ పక్క నా బడ్డీ దగ్గర హన్నమ్మగారు. మధ్యలో చిన్న తలుపులోంచి ప్లాస్టిక్ సంచీతో ఫణికిరణ్. వాడు అటు చూశాడు, ఇటు చూశాడు. నేను పిలవబోతే ఈవిడ గొడుగు కొనతో నా కాలు పొడిచింది, అదీ ఎడమ కాలే. పొడిచి, గాలితో మాట్లాడుతున్నట్టు, రోడ్డంతా వినబడేలా నాతో అంది. ఏవండీ పాండురంగారావుగారూ, ఈసారి నాకు ఎరుపు వద్దండీ, ఎరుపులు చాలా ఉన్నాయి, పచ్చ రంగు ఒక్కటీ లేదు, పట్టూ గిట్టూ అక్కర్లేదు, మామూలుది చాలు అంది.

ఫణికిరణ్ నడి రోడ్డు మీద నిలబడి నవ్వేశాడు. అనిల్ కుమార్ రారా అని కేకేశాడు. మా అత్తకి పచ్చ చీర కొనాలిరా, ముందు పనిలో చేరాలి అన్నాడు వీడు. ఏ అత్తరా నీకు అన్నాడు వాడు. వీడు చేత్తో చూపించాడు. వాడు ఆవిడ్ని చూసి, గొడుగుని చూసి, ఇంకో రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఫణికిరణ్ కైకలూరు వైపు చేపల చెరువుల మీద ఏరేటర్లు బాగు చేస్తున్నాడు, అదేనమ్మా, చేపలకి గాలాడేందుకు నీళ్ళు చిలికే మర. ఏ మొండి మోటారైనా వాడి చెయ్యి పడితే లేస్తుందట. లేవదూ మరి! చెరువులాయన అబ్బాయిరాజుగారు తన బండి తాళం కూడా వాడికే ఇచ్చి పంపుతున్నాడు. తాళంతో బండి నడపడం కొత్తగా ఉంది తాతా అంటాడు. కిందటి నెలాఖరుకి చీర తెచ్చాడు. రామచిలక పచ్చ, గులాబీ అంచు, అంచు నిండా జరీ చుక్కలు. దూరం నుంచి చూస్తే జామచెట్టు నడిచొస్తోందా అన్నట్టుంది. హన్నమ్మగారు విప్పి చూసి, దీన్ని కట్టుకుని గుడికెళ్తే పాస్టరుగారు ప్రసంగం మరిచిపోతాడు అని, అయినా కళ్ళకద్దుకుంది. వాళ్ళమ్మకి కూడా ఒకటి కొన్నాడట. ఆవిడ ఏడ్చిందట. ఈసారి ఏడుపు వేరుగా ఉందిలే తాతా అన్నాడు.

సరే, అసలు సంగతికి వస్తున్నాను. గేటు దగ్గరికి ఒక కొత్త జవాను వచ్చాడు. వాడిది తప్పేం లేదు, డ్యూటీ మనిషి. అమ్మా, ఒక నెలలో ఇన్ని ఇంటిపేర్ల మేనల్లుళ్ళేమిటి, మీకసలు ఎంతమంది అన్నదమ్ములు అని అడిగాడు. ఈవిడ తడుముకోలేదు. ప్రతి ఆదివారం గుడిలో సహోదరులారా అనే కదా బాబూ పిలుస్తాం, ఆ సహోదరుల కొడుకులు నాకేమవుతారు, నువ్వే చెప్పు అంది. జవాను చాలాసేపు ఆలోచించి, మేనల్లుళ్ళే అవుతారండీ అని లోపలికి పంపాడు కానీ, వాడి నుదుటి మీద ముడి మాత్రం అలాగే ఉంది. సరిగ్గా ఆ వారమే నీ ప్రశ్న వచ్చింది.

రెండు రోజులు మంచం మీద దొర్లి, చివరికి నీ ప్రశ్న ఆవిడకే చదివి వినిపించాను. ఏం రాయమంటారండీ అని అడిగాను. ఆవిడ నావైపు చూసి, చదువుకునే పిల్లకి అబద్ధం రాస్తారటండీ అంది. మీకు గేటు మూసేస్తారండీ అన్నాను. మూసేదేదో నా ఎదుటే మూయనీండి అని గొడుగు తీసింది. గోధుమ రంగు చీరతో, బుధవారం నాడు, సరాసరి పెద్ద అధికారి గదికి. నా మోకాలిని బతిమాలుకుంటూ నేనూ వెనకాలే వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆవిడ గొడుగుకి ఆ గేటు తప్ప ఇంకో దారి తెలీదని నాకు తెలుసు.

నమస్కారమండీ, నేను మీ వాళ్ళందరికీ మేనత్తనని చెప్పి వస్తున్నాను, అందులో బెంజమిన్ ఒక్కడే నా అన్న కొడుకు, మిగతావాళ్ళెవరూ నాకు రక్తసంబంధం కాదు, ఇక మీ ఇష్టం అని చెప్పేసి, కూర్చోమనకుండానే కూర్చుంది. ఆయన కళ్ళజోడు తీశాడు. మరి అబద్ధం ఎందుకమ్మా అన్నాడు. అబద్ధం కాదండీ, వరస అంది. ఆయన, అసలు బంధువులే రావాలని మీకెవరు చెప్పారమ్మా, స్నేహితులూ రావచ్చు, రూల్సులోనే ఉంది, ఇకనుంచి స్నేహితురాలు అని రాయించుకోండి, ఎవరూ ఆపరు అన్నాడు.

హర్షిణీ, విన్నావా! ఇన్నేళ్ళూ మేమిద్దరం భయపడి చచ్చింది లేని రూలుకి! బంధువులకే ప్రవేశమని మాకు చెప్పిన మహానుభావుడు ఎవరా అని తలుచుకుంటే, ఎవరూ కాదు, మాకు మేమే అనుకున్నాం. మరి మన వైపు ఎక్కడికెళ్ళినా ముందు అడిగేది మీరు వాళ్ళకేమవుతారండీ అనే కదా.

గండం గడిచిందని నేను దణ్ణం పెట్టుకుంటుంటే ఈవిడ ఏమన్నదో తెలుసా? స్నేహితురాలు అని రాయించుకోనండీ అంది. ఎందుకమ్మా అని ఆయన తెల్లబోయాడు. స్నేహితురాలినైతే చీర అడిగే హక్కు నాకెక్కడిదండీ, ఆ అనిల్ కుమారూ స్నేహితుణ్ణనే రాయించుకుని వచ్చేవాడు అంది. చీర కథంతా చెప్పింది. ఆయన నవ్వలేదు, చివరిదాకా విన్నాడు. విని, కొత్త జవానుని పిలిచి, ఈవిడ వస్తే మేనత్త వరస అని రాయి, ఇంకేమీ అడక్కు అని చెప్పాడు. జవాను నుదుటి మీద ముడి అప్పుడు విడింది. మేం గుమ్మం దాటుతుంటే ఆయన వెనకనుంచి, మా మేనత్తకి నేనూ ఒక చీర బాకీ ఉన్నానమ్మా, గుర్తుచేశారు అన్నాడు.

కాబట్టి తల్లీ, నీ ప్రశ్నకి జవాబు. అవును, మేనత్తలంతా ఒక్కరే. ఆవిడ మేనత్త కాదు, మేనత్త వరస. ఉన్నదున్నట్టు రాసుకో. హన్నమ్మగారి పేరు కూడా రాసుకోవచ్చట, అక్షరాలు మాత్రం తప్పు పోకూడదంది. వరస కలుపుకున్న మేనత్తని లెక్కలో ఏ గడిలో వేయాలో నాకు తెలీదు. దానికి నీలాంటి చదువే కావాలి.

వేళకి తిను. మా వైపు వస్తే సోడా నా ఖర్చు.

ఇట్లు, నీ మేలు కోరే
పాండురంగారావు,
జైలు ఎదురు బడ్డీ.

తా.క. ఇవాళ సోమవారం. కవరు అంటించకపోవడం మంచిదైంది. ప్రభావతి శుక్రవారం విడుదలైంది. పిల్లల్ని తన చెల్లెలు చూసుకుంటోందట, ఆమెకి కబురు పంపి, నేరుగా హన్నమ్మగారింటికెళ్ళి మూడు రోజులూ ఉంది. ఇవాళ పొద్దున్న ప్రభావతిని బస్సెక్కించడానికి వెళ్తూ ఇద్దరూ నా బడ్డీ దగ్గర ఆగారు. ప్రభావతి ఒంటి మీద రామచిలక పచ్చ చీర. గులాబీ అంచు, అంచు నిండా జరీ చుక్కలు.

నేను నోరు తెరిచాను. పుట్టింటినుంచి ఆడపిల్లని పాత చీరతో పంపుతారటండీ అంది హన్నమ్మగారు. అప్పటికి తెలిసింది నాకు. కార్తీకం నుంచీ విడుదలైన ప్రతి ఆడకూతురూ ఆ ఇంట్లోంచి ఒక మేనల్లుడి చీర కట్టుకునే వెళ్ళిందట. నెమళ్ళూ వెళ్ళాయి, రైలుబండి పూలూ వెళ్ళాయి. కొట్టు పెడతారా అని నేను ఏడిపించిన ఆ చీరలు దాచిన పెట్టె ఖాళీ. ఫణికిరణ్‌కి తెలుసా అని అడిగాను. తెలుసు, చీర ఇస్త్రీ చేయించి తెచ్చింది వాడే, అబ్బాయిరాజుగారి చెరువుల దగ్గర చేపలు ఎండబెట్టే పని కూడా ప్రభావతికి వాడే మాట్లాడాడు అంది. ఎవరో ఒక మగపిల్లాడు తొందరగా విడుదలైతే బాగుణ్ణండీ, వచ్చే నెల ఇంకో ఆడపిల్ల వస్తోంది అని కూడా అంది.

నీకూ ఒక కబురు చెప్పమంది. డాక్టరమ్మవయ్యాక చీర అడగదట, నువ్వు ఆడపిల్లవి కదా. వచ్చి మూడు రోజులుండి వెళ్ళమంది.

నేనూ సంచి పట్టుకుని బస్టాండు దాకా వెళ్ళాను. కైకలూరు బస్సు కాస్త ఆలస్యంగా వచ్చింది. ప్రభావతికి కిటికీ పక్క సీటు దొరికింది.